సిగ్నల్ 11: యూనిక్స్ ముద్రణలో కూలేది ఎవరు?

లినక్స్ మీద పనిచేసేవాళ్ళు "ప్రింటింగ్ క్రాష్ అయింది" అంటే ఆ మాటకు ఒక్క అర్థం ఉండదు. ప్రింట్ డైలాగ్ తెరవబోతే లిబ్రెఆఫీసే మాయమైందని ఒకరి గోడు. జాబ్ క్యూలో చేరి, కాసేపు కదిలి, "ఫిల్టర్ ఫెయిల్డ్" అంటూ ఆగిపోయిందని మరొకరిది. ప్రింటర్ తనంతట తాను "పాజ్"లోకి పోయిందనీ, ఎన్నిసార్లు లేపినా మళ్ళీ పడుకుంటోందనీ ఇంకొకరు. సర్వీసు "ఇనాక్టివ్" అని చూపిస్తోంది కాబట్టి చచ్చిందని తేల్చేసినవాళ్ళు కొందరు. వాళ్ళ మెషీన్‌కు నిజానికి ఏ జబ్బూ లేకపోవచ్చు. ఇన్ని రకాల ఫిర్యాదులకూ వాడుకలో ఉన్న మందు మాత్రం ఒకటే: ప్రింటర్‌ని తీసేసి మళ్ళీ పెట్టు, అదీ కుదరకపోతే ప్యాకేజీలన్నీ తుడిచి మళ్ళీ ఎక్కించు. ఒక్కోసారి పనిచేస్తుంది కూడా. పనిచేయడంతోనే చిక్కు. ఏది కూలిందో, ఎందుకు కూలిందో చెప్పగల ఆధారాలన్నీ ఆ తుడుపులోనే పోతాయి. వచ్చే నెల అలాంటి ఫైలే ఇంకొకటి వస్తే కథ మళ్ళీ మొదలు.

యూనిక్స్ కుటుంబంలో ప్రింటింగ్ తప్పు వెతకాలంటే ముందు తేల్చుకోవలసింది చచ్చింది ఏ ప్రాసెస్ అన్నది. ఎందుకు చచ్చిందన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఈ వరుస తప్పడం వల్లే ఎక్కువ కాలం వృథా అవుతోందని నా అభిప్రాయం.

ముద్రణ పనికి మొదట్లో బర్కిలీ యూనిక్స్‌లో ఎల్‌పీడీ ఉండేది, ఏటీ అండ్ టీ వారి సిస్టమ్ ఫైవ్‌లో ఎల్‌పీ. ఎల్‌పీడీ మాట్లాడే పద్ధతిని 1990లో ఆర్ఎఫ్‌సీ 1179గా రాసిపెట్టారు; 515వ పోర్టు దానిదే. రెండూ లైన్ ప్రింటర్ల కాలపు సరుకు. పోస్ట్‌స్క్రిప్ట్ రాని ప్రింటర్ చేతికొస్తే వాడేవాళ్ళే షెల్ స్క్రిప్టులు రాసుకుని, గోస్ట్‌స్క్రిప్ట్‌ని తగిలించుకుని నెట్టుకొచ్చేవారు. మైకేల్ స్వీట్ 1997లో రాయడం మొదలుపెట్టి 1999లో బయటపెట్టిన కప్స్ ఈ గందరగోళానికి ఒక ఒరవడి పెట్టింది. కొత్తగా వచ్చిన ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్‌ని, అంటే ఐపీపీని ఆధారం చేసుకుని, 631వ పోర్టులో కూర్చుంది. 2002లో మ్యాక్ ఓఎస్ టెన్ 10.2తో యాపిల్ దాన్ని అందుకుంది. 2007లో సోర్సు కోడ్ కొనేసి, స్వీట్‌ని కూడా ఉద్యోగంలోకి తీసుకుంది. 2019 చివర ఆయన యాపిల్ వదిలారు. మరుసటి ఏడాది ఓపెన్‌ప్రింటింగ్ బృందం కోడ్‌ని విడదీసి తన దారిన నడిపించింది. ఇవాళ లినక్స్ పంపిణీల్లో దొరికే 2.4 వరుస అక్కడిదే. ఈ వంశవృక్షం ఎందుకంటే, మ్యాక్‌లోని కప్స్, లినక్స్‌లోని కప్స్ ఒకే మొదలు నుంచి వచ్చినా ఇప్పుడు ఒకటి కావు. ఒకదానికి పనిచేసిన చిట్కా రెండోదానికి పనికిరాకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అసలు సంగతి కప్స్ నిర్మాణంలో ఉంది. కప్స్‌డీ అనే షెడ్యూలర్ మన పేజీని ముట్టుకోదు. వచ్చిన ఫైల్ ఏ రకమో చూస్తుంది, ప్రింటర్‌కి ఏ రకం కావాలో చూస్తుంది, మధ్యలో ఏయే ఫిల్టర్లు కలిపితే తక్కువ ఖర్చుతో దారి దొరుకుతుందో లెక్క వేసుకుంటుంది. ఆ ఫిల్టర్లను వేరువేరు ప్రాసెస్‌లుగా లేపి, పైపులతో కలిపి, చివర ఒక బ్యాకెండ్‌ని తగిలిస్తుంది. పీడీఎఫ్‌ని పేజీల వారీగా సర్దేది ఒక ఫిల్టర్, దాన్ని చుక్కలుగా మార్చేది గోస్ట్‌స్క్రిప్ట్ వంటి ఇంకొకటి, ఆ చుక్కల్ని ప్రింటర్ భాషలోకి దించేది తయారీదారుడి డ్రైవర్, యూఎస్‌బీ తీగలోకో నెట్‌వర్క్‌లోకో నెట్టేది బ్యాకెండ్. కుప్ప వేసేచోట పనలు చేతులు మారినట్టు పేజీ ఒకరి నుంచి ఒకరికి పోతుంది. ఎవరి చేతిలో జారిందో కింద నిలబడి చూసేవాడికి తెలియదు.

ఈ ఏర్పాటులో గొప్ప సుగుణం ఒకటుంది: డ్రైవర్ కూలినా షెడ్యూలర్ కూలదు. మిగతా క్యూలు నడుస్తూనే ఉంటాయి. ఇంకో చిన్న సూచన కూడా ఇందులోనే దొరుకుతుంది, దాన్ని గమనించేవాళ్ళు తక్కువ. ఫిల్టర్ విఫలమైతే సాధారణంగా ఆగేది ఆ ఒక్క జాబే. బ్యాకెండ్ విఫలమైతే ఎర్రర్ పాలసీ అనే అమరికను బట్టి ప్రింటరే ఆగిపోవచ్చు. ఆ పాలసీ "స్టాప్ ప్రింటర్" అని ఉన్నచోట తీగ ఒకసారి ఊడి మళ్ళీ తగులుకున్నా క్యూ పడుకుంటుంది. "రీట్రై జాబ్" అని మారిస్తే కాసేపాగి తానే మళ్ళీ ప్రయత్నిస్తుంది. కాబట్టి ఎల్‌పీస్టాట్ కొట్టి, ఆగింది జాబా, ప్రింటరా అని చూస్తే సగం గొలుసు లెక్కలోంచి పోతుంది. ప్రింటర్ ఆగితే తీగ, నెట్‌వర్క్, అనుమతుల వైపు చూడాలి. జాబ్ ఆగితే ఫిల్టర్ల వైపు. ఆగిన ప్రింటర్‌ని కప్స్‌ఎనేబుల్‌తో లేపడం వైద్యం కాదు, కానీ ముందు అదే చేస్తాం, తప్పదు.

తర్వాతి మజిలీ లాగ్. వార్ కింద లాగ్, అందులో కప్స్ ఫోల్డర్, అందులో ఎర్రర్ లాగ్. ఫెడోరా వంటి కొన్ని పంపిణీల్లో ఇది ఫైల్‌గా ఉండదు, జర్నల్‌లోకి పోతుంది. మామూలు స్థాయిలో అక్కడ పెద్దగా ఏమీ దొరకదు. కప్స్‌సీటీఎల్‌తో డీబగ్ లాగింగ్ తెరిచి, ఒక్క జాబ్ పంపి, వెంటనే మూసేయాలి. తెరిచి మరిచిపోతే లాగ్ ఉబ్బుతుంది, అంతకన్నా పెద్ద ముప్పు కూడా ఉంది. 2.4.2, అంతకు ముందటి కప్స్‌లలో లాగ్ స్థాయి డీబగ్‌లో ఉన్నప్పుడే పనిచేసే ఒక మెమరీ లోపం 2023లో బయటపడింది. లాగ్ వాక్యాన్ని కూర్చే ఫంక్షన్‌లోనే తప్పు. బయటినుంచి ఎవరైనా దాన్ని వాడుకుని షెడ్యూలర్‌ని కూల్చవచ్చు. క్రాష్ కారణం వెతకడానికి తెరిచిన కిటికీలోంచే క్రాష్ లోపలికి రావడం కాస్త వింతే.

డీబగ్ లాగ్‌లో వందల వరుసల మధ్య వెతకాల్సింది రెండు రకాల వాక్యాల కోసం. ఫలానా ఫిల్టర్ "స్టాప్డ్ విత్ స్టేటస్ 1" అని ఉంటే ఆ ప్రోగ్రాం తనకు నచ్చనిదేదో చూసి తానే తప్పుకుంది. కారణం అంతకు ముందు వరుసల్లో దాని నోటితోనే చెప్పి ఉంటుంది. "క్రాష్డ్ ఆన్ సిగ్నల్ 11" అని ఉంటే అది చెప్పి పోయిన చావు కాదు. తనది కాని మెమరీని ముట్టుకుంటే కెర్నల్ పడగొట్టింది. సిగ్నల్ 6 అయితే ప్రోగ్రామో, సీ లైబ్రరీయో లోపల ఏదో చెడిందని గ్రహించి తనంతట ఆగిపోయింది. 4 అయితే ఆ ప్రాసెసర్‌కి తెలియని ఆదేశం తగిలింది. కొత్త మెషీన్ కోసం కంపైల్ చేసిన డ్రైవర్‌ని పాత మెషీన్‌లో పెడితే వచ్చే రకం. 9 అయితే బయటివాళ్ళెవరో చంపారు. ఆ బయటివాళ్ళు తరచుగా కెర్నల్‌లోని మెమరీ కాపలాదారే, సాక్ష్యం డీమెసేజ్‌లో ఉంటుంది. 13 కనిపిస్తే దాన్ని తిట్టకండి. పైపులో పక్కవాడు ముందే పోవడంతో రాసేందుకు చోటులేక పోయినవాడు అతను. లాగ్‌లో మొదట కనిపించిన శవాన్నే దోషిగా ఎంచితే ఇక్కడే దారి తప్పుతాం. ఎవరు ముందు పోయారన్నది వరుస క్రమంలో చూసుకోవాలి.

సందేశాలను మరీ నమ్మకూడదనడానికి లినక్స్ కెర్నల్‌లోనే ఒక పాత ముచ్చట ఉంది. పారలల్ పోర్టు డ్రైవర్‌కి ప్రింటర్ నుంచి పొంతనలేని స్థితి వస్తే "ఎల్‌పీ0 ఆన్ ఫైర్" అని రాసేది. నిప్పూ లేదు, పొగా లేదు.

ఫిల్టర్ పేరు తెలిశాక షెడ్యూలర్‌ని పక్కనపెట్టవచ్చు. కప్స్‌ఫిల్టర్ అనే ఆదేశం అదే గొలుసును టెర్మినల్‌లో, ప్రింటర్ ప్రమేయం లేకుండా నడుపుతుంది. ఫైల్ ఇస్తాం, ప్రింటర్ వర్ణన ఉన్న పీపీడీ ఇస్తాం, ఏ రకంలోకి మార్చాలో చెబుతాం. గొలుసును ఒక్కో అడుగూ కుదించుకుంటూ పోతే కూలేచోటు బయటపడుతుంది. ఇది కుదరాలంటే కూల్చిన ఫైల్ చేతిలో ఉండాలి. పూర్తయిన జాబ్ ఫైళ్ళను కప్స్ ఒక రోజు దాకా స్పూల్ ఫోల్డర్‌లో ఉంచుతుంది; ప్రిజర్వ్ జాబ్ ఫైల్స్ అమరిక మారిస్తే ఇంకా ఎక్కువ కాలం. సీ అక్షరంతో మొదలయ్యేది జాబ్ వివరాల ఫైల్, డీ అక్షరంతో మొదలయ్యేది అసలు పత్రం. ఆ డీ ఫైల్‌ని కాపీ తీసుకోవడం ప్రింటర్‌ని తీసి పెట్టడం కన్నా వెయ్యి రెట్లు ఉపయోగం. అన్ని పత్రాలకూ కూలుతోందా, ఒక్కదానికేనా? ఒక్కదానికే అయితే ఆ పత్రంలో ఏ పేజీకి? పేజీల్ని సగాలుగా చీల్చుకుంటూ పంపితే ఏ బొమ్మో, ఏ ఫాంటో, ఏ పారదర్శక పొరో దొరికిపోతుంది. ఒక్కోసారి ఆ పీడీఎఫ్‌ని ఇంకో వ్యూయర్‌లో తెరిచి మళ్ళీ పీడీఎఫ్‌గా దించుకుంటే అచ్చవుతుంది కూడా. అది పని గడుపుకోవడమే, కానీ సాయంత్రం ఆరింటికి పరీక్ష పేపర్లు అచ్చువేయాల్సినవాడికి అదే పదివేలు.

మెమరీ గురించి లెక్క వేసుకుంటేగాని తెలియదు. ఏ4 పేజీని అంగుళానికి 600 చుక్కల చొప్పున పరిస్తే 4,960 అడ్డం, 7,016 నిలువు, దాదాపు 3.48 కోట్ల చుక్కలు. చుక్కకు మూడు బైట్ల రంగు అనుకుంటే ఒక్క పేజీ సుమారు 100 ఎంబీ. 1,200కి పెంచితే నాలుగింతలు. ఫిల్టర్లు పేజీని పట్టీలు పట్టీలుగా తీసుకుని నెట్టుకొస్తాయి కాబట్టి ఎప్పుడూ ఇంత ఖర్చు ఉండదు. కానీ పొరల మీద పొరలున్న పెళ్ళిపత్రిక, ఫ్లెక్సీ డిజైన్ వంటివి వచ్చినప్పుడు పట్టీల పద్ధతి సరిపోదు. 512 ఎంబీ ఉన్న పాత రాస్‌బెర్రీ పైని ప్రింట్ సర్వర్‌గా పెట్టినవాళ్ళు సిగ్నల్ 9ని తరచు చూడడానికి కారణం ఇదే. అక్కడ బగ్ ఏమీ లేదు. రిజల్యూషన్ తగ్గించడమే మందు.

ఇక అసలు రోగాల పుట్ట, తయారీదారుల డ్రైవర్లు. 32 బిట్ కాలంలో తయారుచేసి వదిలేసిన ప్యాకేజీని 64 బిట్ మెషీన్‌లో ఎక్కిస్తే, ఫైల్ కళ్ళెదుటే ఉన్నా "అలాంటి ఫైల్ లేదు" అంటుంది. లేనిది ఆ ఫైల్ కాదు, దాన్ని లేపాల్సిన 32 బిట్ లోడర్. ఇంటెల్ మెషీన్‌కి తయారైనది ఆర్మ్ బోర్డు మీద అసలే నడవదు. మన జెరాక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి కనిపిస్తూ వచ్చిన కానన్ ఎల్‌బీపీ 2900నే తీసుకోండి. అది పోస్ట్‌స్క్రిప్టూ ఎరగదు, పీసీఎల్లూ ఎరగదు. క్యాప్ట్ అనే సొంత భాష దానిది. లినక్స్‌లో దానికోసం కప్స్‌కీ ప్రింటర్‌కీ మధ్య సీసీపీడీ అనే ఇంకో డీమన్ నడవాలి. కప్స్ ఆరోగ్యంగా ఉంటుంది, ఫిల్టరూ ఉంటుంది, సీసీపీడీ లేవలేదు కాబట్టి జాబ్ అక్కడే నిలబడి ఉంటుంది. కప్స్ లాగ్‌లో దాని ఊసే సరిగా ఉండదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020ది ఇంకో తీరు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్‌ని కంప్యూటర్ మళ్ళీ ఎక్కించాలి. హెచ్‌పీ వారి డ్రైవర్ ప్యాకేజీ హెచ్‌పీఎల్‌ఐపీ వాడితే దాని ప్లగిన్ వెర్షన్ అసలు ప్యాకేజీ వెర్షన్‌తో సరిపోలాలి. సిస్టమ్ అప్‌డేట్‌లో ఒకటి కదిలి రెండోది కదలకపోతే నిన్న పనిచేసింది ఇవాళ ఫిల్టర్ ఫెయిల్డ్. అప్‌డేట్ జాబితా చూడకుండా ప్రింటర్‌ని అనుమానించడం చాలామంది చేసే పని.

యూఎస్‌బీ దగ్గర ఇంకో పేచీ. ఒకే పోర్టు కోసం కెర్నల్‌లోని యూఎస్‌బీఎల్‌పీ మాడ్యూల్, లిబ్‌యూఎస్‌బీతో మాట్లాడే కప్స్ బ్యాకెండ్, కొత్తగా వచ్చిన ఐపీపీ-యూఎస్‌బీ అనే సేవ పోటీపడతాయి. ఒకటి పట్టుకుంటే మిగతావాటికి దొరకదు. పాత డ్రైవర్‌తో బాగా నడిచిన ప్రింటర్, పంపిణీ కొత్త వెర్షన్‌కి మారాక మొండికేస్తే ఐపీపీ-యూఎస్‌బీ దాన్ని పట్టుకుని కూర్చుందేమో చూడాలి. అనుమతుల సంగతీ ఇలాంటిదే. ఫిల్టర్లు ఎల్‌పీ అనే తక్కువ హక్కుల వాడుకరి పేరుతో నడుస్తాయి. ఉబుంటులో యాప్‌ఆర్మర్, ఫెడోరాలో ఎస్‌ఈలినక్స్ వాటి మీద కాపలా. టెర్మినల్‌లో మన పేరుతో నడిపితే అచ్చయి, క్యూ ద్వారా పంపితే కూలితే కాపలాదారుల లాగ్ చూడండి. రక్షణ మొత్తం ఆపేయమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. పరీక్ష కోసం ఒక్క నిమిషం సరే, అలాగే వదిలేయడం మాత్రం తప్పు.

షెడ్యూలరే కూలడం అరుదు, కాని కూలితే విసుగు పుట్టిస్తుంది. లేస్తుంది, ఆగి ఉన్న జాబ్‌ని అందుకుంటుంది, మళ్ళీ పడుతుంది. సిస్టమ్‌డీ దాన్ని మళ్ళీ లేపుతుంది. ఇలాంటి చోట సర్వీసు ఆపి, స్పూల్‌లోని ఫైళ్ళను, క్యాష్‌లోని జాబ్ క్యాష్‌ని తుడవకుండా వేరే చోటికి జరిపి, ఖాళీగా లేపి చూడాలి. నిలబడితే దోషం జరిపిన మూటలో ఉన్నట్టే. కప్స్‌డీకి టీ జెండా తగిలిస్తే కాన్ఫిగరేషన్‌ని పరీక్షించి చెబుతుంది. ఎఫ్ జెండాతో తెర మీదే నడిపితే చివరి మాట కళ్ళముందే పడుతుంది. కోర్‌డంప్‌సీటీఎల్ దగ్గర కోర్ ఫైల్ ఉంటే జీడీబీలో బ్యాక్‌ట్రేస్ తీయడం అయిదు నిమిషాల పని. ఆ ఇరవై వరుసలే డెవలపర్‌కి కావాలి. మన విసుగు వర్ణన వారికి అక్కర్లేదు. ఇక మొదట్లో చెప్పిన "ఇనాక్టివ్" సంగతి. అవసరమైనప్పుడే లేచేలా అమర్చిన కప్స్‌డీ పనేమీ లేకపోతే మామూలుగా 60 సెకన్లకు తానే తప్పుకుంటుంది. సాకెట్ తలుపు తట్టగానే లేస్తుంది. దాన్ని క్రాష్ అనుకుని రీస్టార్ట్ స్క్రిప్టులు రాసుకున్నవాళ్ళు ఉన్నారు.

అప్లికేషన్ కూలితే దోషం అప్లికేషన్‌దే అనుకోవడం సహజం. కానీ ప్రింట్ డైలాగ్ తెరిచినప్పుడు లిబ్‌కప్స్ లైబ్రరీ ఆ అప్లికేషన్ లోపలే పనిచేస్తుంది. నెట్‌వర్క్‌లోని ప్రింటర్లను పలకరించి, అవి చెప్పిన లక్షణాలను విప్పి చూస్తుంది. అక్కడ పొరపాటు జరిగితే పోయేది రైటరో, బ్రౌజరో. 2025 సెప్టెంబరులో వెల్లడైన ఒక లోపం సరిగ్గా ఇదే: 2.4.12 దాకా ఉన్న వెర్షన్లలో ప్రింటర్ పంపిన లక్షణాలను సరిచూడకుండా విప్పడం వల్ల లిబ్‌కప్స్ కూలుతుంది. తేల్చుకోవడం తేలికే. అదే డైలాగ్‌ని వేరే అప్లికేషన్‌లో తెరవండి. రెండూ పోతే కింద ఉన్నది చెడింది.

కూలకుండానే కూలినట్టు కనిపించే కేసుల్లో నాకు ఇష్టమైనది ఉబుంటులో 2009 ప్రాంతంలో తేలిన మంగళవారం బగ్. ఓపెన్ఆఫీస్ మంగళవారాల్లో ప్రింట్ ఇవ్వడం లేదని ఒకాయన భార్య గమనించింది. ఎవరు నమ్ముతారు? తవ్వితే నిజమే. ముద్రణ గొలుసులో ఒకచోట ఫైల్ రకాన్ని గుర్తించే చిన్న పరికరాన్ని వాడారు. దాని నియమాల పట్టికలో ఖాళీల్ని సరిగా రాయకపోవడంతో, ఒక నిర్ణీత చోట మంగళవారానికి ఆంగ్లంలో వాడే మూడక్షరాలు కనబడగానే అది ఎర్లాంగ్ భాషకి చెందిన ఫైల్ అని తీర్మానించేది. పోస్ట్‌స్క్రిప్ట్ తలలో ముద్రించిన తేదీ ఉంటుంది. మంగళవారం నాడు ఆ తేదీ ఆ మూడక్షరాలతో మొదలవుతుంది. ఓపెన్ఆఫీస్ తప్పు లేదు, కప్స్ తప్పు లేదు, ప్రింటర్ తప్పు లేదు. ప్యాకేజీలు తుడిచి ఎక్కించినవాళ్ళకు బుధవారం నాడు అచ్చయి ఉంటుంది, తమ వైద్యమే ఫలించిందని వాళ్ళు నమ్మి ఉంటారు.

ఇదే కోవలో చిన్నవి కొన్ని. అమెరికన్ లెటర్ సైజు డిఫాల్ట్‌గా ఉండిపోతే ప్రింటర్ లేని కాగితం కోసం దీపం మినుకుమంటూ ఎదురుచూస్తుంది. మనకు అది వేలాడిపోయినట్టు కనిపిస్తుంది. తెలుగు టెక్స్ట్ ఫైల్‌ని నేరుగా ఎల్‌పీ ఆదేశంతో పంపితే గుణింతాలు, ఒత్తులు విడివిడిగానో డబ్బాలుగానో వస్తాయి. టెక్స్ట్‌ని పీడీఎఫ్ చేసే ఆ ఫిల్టర్‌కి అక్షరాలను కూర్చే పని రాదు. ఎడిటర్‌లో తెరిచి అక్కడినుంచి ప్రింట్ ఇస్తే బాగుంటుంది, ఎందుకంటే అప్పటికే కూర్పు అయిపోయి ఉంటుంది.

మ్యాక్‌లో "రీసెట్ ప్రింటింగ్ సిస్టమ్" మీట అందరికీ తెలుసు. అది క్యూలన్నిటినీ తుడిచేస్తుంది కాబట్టి చివరిదాకా ముట్టుకోకపోవడం మంచిది. ముందు కన్సోల్‌లోని క్రాష్ రిపోర్టులో ఫిల్టర్ పేరు చూడాలి. ఫ్రీబీఎస్‌డీలో మూల వ్యవస్థలో ఇప్పటికీ ఎల్‌పీడీ ఉంది, కప్స్ పోర్ట్స్ నుంచి వస్తుంది. రెండూ కలిసి ఉన్నచోట మనం కొట్టిన ఎల్‌పీఆర్ ఎవరిదో చూసుకోవాలి.

డ్రైవర్లు ఇంత బాధ పెడుతుంటే అసలు డ్రైవర్లే లేకుండా చేస్తే పోదా అన్నది ఇప్పటి దారి. 2010లో యాపిల్ ఎయిర్‌ప్రింట్, 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ వచ్చాక ప్రింటరే తన లక్షణాలు చెప్పుకుంటుంది, పీడీఎఫో సరళమైన చుక్కల చిత్రమో తీసుకుంటుంది. కొత్త ప్రింటర్ ఉన్నవాళ్ళకు నా మొదటి సలహా ఇదే: తయారీదారుడి ప్యాకేజీ తీసేసి డ్రైవర్‌లెస్ క్యూ పెట్టి చూడండి. సిగ్నల్ 11లు చాలావరకు మాయమవుతాయి. ఈ దారికీ ముళ్ళున్నాయి. 2024 సెప్టెంబరు 26న సిమోనే మార్గరిటెల్లి బయటపెట్టిన నాలుగు లోపాలు, నెట్‌వర్క్‌లో ప్రింటర్లను వెతికే కప్స్-బ్రౌజ్డ్ నుంచే మొదలవుతాయి. అది 631వ పోర్టులో యూడీపీ మీద ఎవరు పలకరించినా నమ్మేది. ఆ నమ్మకం దొంతరగా పీపీడీ దాకా, ఫూమాటిక్-రిప్ అనే ఫిల్టర్ దాకా పోయి, ఇచ్చిన ఆదేశాన్ని నడిపేది. అవసరం లేనిచోట కప్స్-బ్రౌజ్డ్‌ని ఆపేయడం క్రాష్‌లకూ మంచిదే, భద్రతకూ మంచిదే.

తయారవుతున్న కప్స్ 3లో పీపీడీలకూ పాత తరహా డ్రైవర్లకూ చోటుండదు. పాత ప్రింటర్లకు "ప్రింటర్ అప్లికేషన్" అనే పద్ధతి చెబుతున్నారు: డ్రైవర్‌ని ఒక చిన్న స్వతంత్ర సేవగా మార్చి, బయటికి ఐపీపీ ప్రింటర్‌లా కనిపించేలా చేయడం. స్వీట్ రాసిన పాపిల్ అనే చట్రం ఇందుకే ఉంది. తయారీదారు వదిలేసిన క్యాప్ట్ యంత్రాల సంగతి ఔత్సాహికులు రివర్స్ ఇంజనీరింగ్ చేసి రాసిన డ్రైవర్ల మీదే ఆధారపడుతుంది. మన షాపుల్లో ఉన్నవి అవే కాబట్టి ఇది మనకు చిన్న విషయం కాదు. వెతికే పద్ధతి కూడా మారుతుంది. డ్రైవర్ కప్స్ గొలుసులోంచి బయటికి పోయాక, అది కూలినా కప్స్ ఎర్రర్ లాగ్‌లో "సిగ్నల్ 11" అని రాయదు. ప్రింటర్ జవాబివ్వడం లేదని మాత్రమే రాస్తుంది, ఎందుకంటే దానికి తెలిసింది అంతే. అసలు మాట ఆ సేవ సొంత లాగ్‌లోనో, జర్నల్‌లో దాని పేరు కిందో వెతుక్కోవాలి.